లారీకి పలుపు

మా లారీ పోయింది నా ఒక్క మాట వల్ల. వానలు లేవని, ఆముదాలు పండలేదని, టైర్లు కొనే శక్తి లేదని చుట్టాలకు చెప్పుకున్నాం. అవి అబద్ధాలు కావు. కానీ అంతకు ముందు ఏడు కూడా వానలు లేవు. అయినా లారీ మా ఇంటి ముందే ఉంది.

అప్పుడు మేము షాద్‌నగర్‌లో, స్టేషన్‌కు పోయే దారిలో ఉండేవాళ్లం. మా మామ చనిపోయాక ఆయన వదిలిపోయిన మెట్ట చెలకను మా ఆయన అమ్మి, మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన పాత లారీ తెచ్చాడు. జడ్చర్ల మార్కెట్టులో పల్లీలు, ఆముదాలు నింపుకొని పట్నం పోయేవాడు. పట్నంలో ఏ సరుకు దొరికితే అది ఎక్కించుకొని ఇంకో ఊరు పోయేవాడు. ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. వస్తే మాత్రం మా గల్లీ అంతా తెలిసేది. మలుపులో హారన్ వినగానే మా అత్త పొయ్యి మీద ఎసరు పెట్టమనేది.

మా పెద్ద బిడ్డకు జ్వరం వచ్చి మూడురోజులు కన్ను తెరవనప్పుడు ఆయన లేడు. చూపు సరిగా ఆనని అత్తను వెంటబెట్టుకొని నేనే పిల్లను దవాఖానకు ఎత్తుకుపోయాను. పిల్ల తేరుకుంది. ఆయన వచ్చేసరికి ఆడుకుంటోంది. అప్పటికి నాకు మళ్లీ నెలలు నిండుతున్నాయి.

ఆ రోజు ఆయన పీట మీద కూర్చొని జొన్నరొట్టె తింటున్నాడు. పిల్ల నాయనమ్మ కొంగు చాటున నిలబడి మెల్లగా అడిగింది:

"నాయినమ్మా, గీ లారీ ఆయన మల్ల ఎప్పుడు పోతడు?"

ఆయన పగలబడి నవ్వాడు. "చూసినవా అమ్మా, నన్ను చుట్టపాయన అనుకుంటాంది!" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. "చుట్టమన్న నయం, వచ్చినప్పుడు మంచిచెడ్డ అడుగుతడు. పెండ్లప్పుడు పుస్తె ఆ లారీకే కట్టకపోయినవా? నాకెందుకు కట్టినవు?" అన్నాను.

రొట్టె తుంచిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. మా అత్త "ఊకో బిడ్డా, తినే మనిషిని" అంది. ఆయన పళ్లెంలోనే చెయ్యి కడుక్కొని లేచాడు. ఒక్క మాట తిరిగి అని ఉంటే నాకు ఇంత కాలం ఇది గుర్తుండేది కాదేమో.

ఆ తర్వాత కొద్ది రోజులకే మార్కెట్టు నుంచి వచ్చి, "లారీ పోతది, కారు వస్తది" అన్నాడు, ఎవరి సంగతో చెప్పినట్టు.

ఆలంపూరు దిక్కు నుంచి పల్లీలు తెచ్చే ఒక రైతు ఆయనకు మార్కెట్టులో పరిచయం. ఆ రైతు పొలాలకు కాలువ నీళ్లు వచ్చాయి, పంట పెరిగింది, మోయడానికి లారీ కావాలి. తన మామగారు ఇచ్చిన నల్ల కారు ఒకటి ఆయన ఇంట్లో ఊరికే ఉంది. మాకేమో లారీని మేపడం ఏనుగును మేపడమైంది. కారైతే తక్కువ నూనె తాగుతుంది. స్టేషన్‌లో దిగినవాళ్లను ఊళ్లకు చేర్చవచ్చు, పెళ్లిళ్లకు కిరాయికి తిప్పవచ్చు, రోగులను పట్నం దవాఖానకు తీసుకుపోవచ్చు. పొద్దుగూకేసరికి ఇంటికి రావచ్చు. నేను కోరింది అదే. కోరింది దొరుకుతుంటే నాకు సంతోషం కలగాలి. ఆయన ముఖం చూడటానికి భయమేసింది.

మార్చుకునే రోజు ఆ రైతు భార్యతో కలిసి కారులో వచ్చాడు. మా అత్త లారీ ముందుకు పోయి, చేతులతో దాన్ని తడుముతూ నిలబడింది.

"దీనికి పలుపు ఏది?" అంది.

మా ఇళ్లల్లో పశువును అమ్మితే దాని మెడలో పలుపు ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తెచ్చుకోవాలి. మన పలుపు విప్పి కొట్టంలో తగిలించుకుంటాం. పలుపు కూడా పోతే దాని వెనకే కొట్టంలో కళ పోతుందని పెద్దల మాట.

"లారీకి పలుపేందే అమ్మా? ఎద్దా, బర్రా?" అన్నాడు మా ఆయన.

"మొన్న దసరాకు బొట్టు పెట్టి, దండేసి, నిమ్మకాయలు తొక్కిస్తివి గద. గప్పుడు లక్ష్మి, గిప్పుడు ఇనుమా?"

నేనే ఆలోచించి చెప్పాను. పొద్దున్నే ఆయన లారీ ముక్కులో ఇనుప హ్యాండిల్ దూర్చి గిర్రున తిప్పితే అది లేచేది. "అత్తా, హ్యాండిల్ పట్టుకుంటెనే గద అది కదిలేది. గదే దీని పలుపు" అన్నాను. తీసుకొచ్చి అత్త చేతిలో పెట్టాను.

ఆ రైతు నవ్వాడు. "తీస్కో అవ్వా. మాకు తెల్వని ఆచారమా? లారీకి కొత్త బ్యాటరీ ఏయిస్త, మీట నొక్కితే లేస్తది."

అంతలో ఆయన భార్య కారు వెనక డబ్బా తెరిచి కారు హ్యాండిల్ బయటికి లాగింది. "అట్లయితే మా కారు పలుపు మేమెందుకు ఇడుస్తం? మా అవ్వగారింటి లక్ష్మి ఇది!" అని ఒడిలో పెట్టుకుంది. అందరం నవ్వాం. మా ఆయన కూడా నవ్వాడు. నేను లారీ నొసట బొట్టు పెడుతుంటే ఇంటి వెనక్కి పోయాడు. లారీ గల్లీ దాటిపోయేదాకా రాలేదు.

చలి మొదలయ్యేసరికి కారు బ్యాటరీ చచ్చిపోయింది. హ్యాండిల్ ఉంటే ఒక్క తిప్పుకు లేచే బండి. మా దగ్గరున్న లారీ హ్యాండిల్ దానికి ఎక్కదు. ఇక పొద్దున్నే తోయడమే. నేను తోసేదాన్ని, ఎదురింటివాళ్లు తోసేవాళ్లు, ఎక్కడానికి వచ్చినవాళ్లే తోసేవాళ్లు.

"గిదేం కారయ్యా! కిరాయి మేమియ్యాల్నా, తోసినందుకు నువ్వు మాకియ్యాల్నా?" అన్నాడు ఒకాయన, పెళ్లి బట్టల్లో చెమటలు కక్కుతూ.

"తోసుడుకు పైసల్లేవు తాతా. ఒళ్లు గట్టిపడ్తది, దవాఖాన ఖర్చు తప్పుతది" అన్నాడు మా ఆయన.

నిన్నటిదాకా "లారీ సేటు" అన్నవాళ్లు "తోపుడుబండి సేటు" అనడం మొదలుపెట్టారు. ఆయన వాళ్లతో పాటే నవ్వేవాడు. ఇంటికి వేళకు వచ్చేవాడు, చిన్నవాణ్ణి ఎత్తుకునేవాడు, పెద్దపిల్ల ఆయన భుజాల మీద ఎక్కి కూర్చునేది. నేను అడిగినవన్నీ చేశాడు. కానీ ఎక్కడో దూరంగా లారీ హారన్ వినిపిస్తే మాట మధ్యలో ఆగేవాడు. నేను వేరే సంగతి ఎత్తుకునేదాన్ని.

తోసి తోసి విసిగి, కమ్మరితో ఒక హ్యాండిల్ చేయించాడు. ఇనుప చువ్వను కంటి అంచనాతో వంచిన పని. దాని కొన సరిగా పట్టేది కాదు. ఒకనాడు కాన్పు నొప్పులు పడుతున్న ఒక పిల్లను కారులో కూర్చోబెట్టారు. ఆ తొందరలో ఆయన బలంగా తిప్పాడు. హ్యాండిల్ జారి ఎదురు తన్నింది. మణికట్టు విరిగింది. ఆ పిల్లను ఎడ్లబండిలో తీసుకుపోయారు. దేవుడి దయ, తల్లీబిడ్డలు బాగానే ఉన్నారు. మా ఆయన చేతికి వెదురుబద్దల కట్టు కట్టారు. కారు వాకిట్లో నిలబడిపోయింది.

"ఆలంపూరు పోయి అసలు హ్యాండిల్ తెచ్చుకోరాదు?" అన్నాను.

"ఇడిసిపెట్టిన పలుపు మల్ల అడుగుతరా ఎవరన్న? ఇజ్జత్ పోదా?"

"చెయ్యి ఇరిగినంక ఇజ్జత్ ఏంది? నువ్వు పోకుంటె నేను పోత."

ఆయన చేతికున్న కట్టు సర్దుకుంటూ, "పోతె పో. నేను మాత్రం రాను. దాన్ని నేను చూడ" అన్నాడు.

కారు హ్యాండిల్ గురించి కాదు ఆ మాట, లారీ గురించి. ఏడాది గడిచింది, మరిచిపోయాడనుకున్నాను. మరవలేదు. విరిగిన చెయ్యి అతుకుతుంది. నేనన్న మాటతో ఆయనలో విరిగింది అతుకుతుందా, అతకదా? నాకు తెలియాల్సింది అదొక్కటే.

లారీ హ్యాండిల్ ఇచ్చి కారుది తెచ్చుకుందామంటే మా అత్త మొదట ఒప్పుకోలేదు. పలుపు తిరిగి ఇస్తే ఇల్లు నిలువదంది. కొడుకు ఎడమచేత్తో ముద్ద కలుపుకోవడం చూశాక తనే దారి వెతికింది. "ఇచ్చుడు గాదు బిడ్డా, మార్చుకునుడు. మన పిల్లను వాళ్లింటికిచ్చి, వాళ్ల పిల్లను మనింటికి తెచ్చుకుంటం సూడు, కుండమార్పు పెండ్లి. గట్ల జేస్తె దోషం లేదు."

పిల్లలను మా అక్క దగ్గర వదిలి ఇద్దరం రైలెక్కాం. లారీ హ్యాండిల్‌ను అత్త పాత చీరగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఎదురుగా కూర్చున్న ఒకామె వంగి చూసి, "పసిగుడ్డేనా అవ్వా?" అంది.

"కాదు, లారీ పలుపు" అంది అత్త. ఆమె కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.

తుంగభద్రలో మునిగి, జోగులాంబకు దండం పెట్టుకొని ఆ రైతు ఊరు చేరాం. నేను నోరు తెరవకముందే ఆయన భార్య లోపలికి ఉరికి కారు హ్యాండిల్ తెచ్చింది.

"ఎప్పుడొస్తరా అని తొవ్వ చూస్తున్న అక్కా! మా బ్యాటరీ గూడ పాయె. లారీని తోస్తే కదుల్తదా? ఎడ్లను కట్టి గుంజిపిస్తున్నం. ఊరంత నవ్వవట్టె."

"మరి అడగకపోయిన్రు?" అంది అత్త.

"మీరడగరైతిరి, మేమెట్ల అడుగుదుం?"

పసుపు, కుంకుమ, రవికెగుడ్డతో పాటు హ్యాండిళ్లు మార్చుకున్నాం. తిరిగి వస్తుంటే కొట్టం పక్కన లారీ కనిపించింది. ఆకుపచ్చ రంగు పోయి నీలం రంగు వచ్చింది. నొసటి పలక మీద మా ఆయన వాళ్ల నాయన పేరు రాయించుకున్నాడు, పసుపుపచ్చ అక్షరాలతో. ఆ చెలక మామది కదా, లారీ కూడా బాపుదే అనేవాడు. ఇప్పుడు ఆ పలక మీద ఎర్ర అక్షరాలున్నాయి. పాత పేరుకే కొత్త రంగు వేశారో, పేరే మార్చారో నాకు తెలియలేదు. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. అడిగితే ఆమె చెప్పేది. అడగలేకపోయాను.

ఇంటికి వచ్చాక ఆయన హ్యాండిల్ ఎడమచేత్తో అందుకొని, "గిదే" అన్నాడు. అత్త రైలు సంగతి, ఎడ్ల సంగతి చెబుతుంటే కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. లారీ ఎట్లుందని మాత్రం అడగలేదు.

మరునాడు పొద్దున నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"దాని నొసట బాపు పేరు ఉన్నదా?"

"అక్షరాలైతే ఉన్నయి. ఎర్రగున్నయి. నాకేం తెలుస్తది?"

"ఎంత పెద్ద ముగ్గయినా ఒకసారి చూస్తె మరువవు గద. మొదటి అక్షరం ఎట్లున్నదో గీయి."

ముగ్గుపిండి తీసుకొని, కళ్లు మూసుకొని గుర్తు చేసుకున్నాను. వంకర తిరిగిన గీత, దాని నెత్తిన ఒక కొమ్ము. చూసింది చూసినట్టు గీశాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"ఆఁ, బాపు పేరే. జర వంకరొచ్చింది గని, గదే" అన్నాడు. లేచిపోతూ నా తల మీద చెయ్యి వేసి, "మంచోళ్లు. పేరు ఉంచిన్రు" అన్నాడు.

ఆ రోజు నా ప్రాణం లేచి వచ్చింది. లారీ పోయినా మామ పేరు రోడ్ల మీద తిరుగుతోంది కదా అనుకున్నాను. చాలా ఏళ్లు ఆ ఒక్క మాట పట్టుకొని బతికాను. ఆయన కారు నడుపుతూనే ముసలివాడయ్యాడు. లారీ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. నేను మాత్రం అప్పుడప్పుడు ఎత్తేదాన్ని, ధైర్యంగా, "మామ పేరు ఎన్ని ఊళ్లు తిరిగిందో" అని. ఆయన తలూపేవాడు.

ఆయన పోయాక, పొద్దు గడవక, మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఒకనాడు అది పలక మీద ఒక అక్షరం రాసి, దిద్దమని బలపం చేతికిచ్చింది. కన్ను గుర్తుపట్టకముందే నా వేళ్లు గుర్తుపట్టాయి. వంకర తిరిగిన గీత, నెత్తిన కొమ్ము.

"ఇదేం అక్షరం?" అన్నాను.

"జో. జోగులాంబలో జో" అంది.

మా మామ పేరులో ఎక్కడా ఆ అక్షరం లేదు. అటువంటి చప్పుడే లేదు. ఆలంపూరు దిక్కువాళ్లు లారీ కొనుక్కుంటే వాళ్ల జోగులాంబ తల్లి పేరు రాయించుకుంటారు, అందులో తప్పేముంది? మా ఆయనకు చదువు వచ్చు. ఆ పొద్దున ముగ్గుపిండిలో చూడగానే ఆయనకు తెలిసిపోయి ఉంటుంది. అయినా నా తల మీద చెయ్యి వేశాడు.

"దిద్దుతలేవేంది అవ్వా? కష్టమున్నదా?" అంది మనవరాలు.

"లేదు బిడ్డా. ఇది నేను ఒకసారి రాసిన" అన్నాను.