కాఫీ నర్సమ్మ గిన్నె

1958 ప్రాంతంలో ధర్మవరం మగ్గాల వీధి చివర ఒక చిన్న ఆస్పత్రి ఉండేది. అందులో నర్సు లక్ష్మీదేవమ్మను అందరూ కాఫీ నర్సమ్మ అనేవారు. నిజానికి ఆమె ఎవరికీ చుక్క కాఫీ పోసిన పాపాన పోలేదు.

మొదట్లో అక్కడ డాక్టరు వచ్చి మందు రాశాకే స్టవ్ ముట్టించి, సిరంజీలు ఉడకబెట్టేవారు. నేతగాళ్ల ఇంట పుట్టిన లక్ష్మీదేవమ్మకు ఆ ఆలస్యం చూస్తే ఒళ్లు మండేది.

"పోగు తెగినప్పుడే ముడెయ్యల్ల సార్! ఇంగో గజం నేసినాక ముడేస్తామంటే చీర దక్కుతాదా?" అని డాక్టరుతో పోట్లాడింది.

ఆయన నవ్వి, రక్తం క్షీణించి జ్వరానికి తట్టుకోలేనివాళ్లు వణుకుతూ వస్తే తన కోసం కాచుకోకుండా పెన్సిలిన్ వేసెయ్యమన్నాడు. ఆనాటి నుంచి వార్డు వాకిట్లో స్టవ్ మీద మూతపెట్టిన గిన్నె ఒకటి ఉడుకుతూనే ఉండేది. చూసినవాళ్లంతా కాఫీ అనుకునేవారు.

ఒక పొద్దున శంకరప్ప తన భార్య గౌరిని ఎత్తుకొచ్చాడు. రక్తం లేక పాలిపోయిన మనిషి, జ్వరంతో గజగజా వణుకుతోంది. డాక్టరు రాకముందే ఆమెకు సూది పడింది. గౌరి కాస్త కుదుటపడ్డాక శంకరప్ప కళ్లు గిన్నె మీద పడ్డాయి.

"అమ్మా, రోంత కాఫీ పోస్తావా?"

లక్ష్మీదేవమ్మ మూత ఎత్తి చూపించింది. "సూదులప్పా ఇవి! నేను ఈడ కాఫీ కాంచుకుంటా కూర్చోనుంటే నీ పెండ్లాం దక్కుతాండెనా?"

గౌరి కోలుకుని ఇంటికి చేరిన మరునాడు శంకరప్ప మళ్లీ వచ్చాడు. చేతిలో పొగలు కక్కుతున్న చెంబు.

"తాగు నర్సమ్మా, మా పొయ్యి మీద కాంచినాము. నీ పొయ్యికి తీరిక యాడిది?"