స్పీకరు మీద చెయ్యి

నడుం దాకా జుట్టు పెంచిన ఆ బేస్ గిటారిస్టుకు, లోకమంతా కుమ్మక్కై తన వాయిద్యపు మంద్రస్వరాన్ని నొక్కేస్తోందని అనుమానం. తన పాట ఎక్కడ మోగినా స్పీకరుకు అరచెయ్యి ఆనించి, అదురు తగులుతోందా అని చూస్తాడు.

"మళ్ళీ తగ్గించావు కదూ?" అంటాడు సౌండ్ ఇంజనీరుతో.

"ఒట్టు, ముట్టుకోలేదు గురూ!"

చెవులు వినపడని పిల్లల బడికి విరాళాల కోసం హెవీ మెటల్ బ్యాండ్లన్నీ కలిసి పాట రికార్డు చేశాయి. అది చూడటానికొచ్చిన ఆ బడి పిల్ల ఒకతి, పాట తిరిగి మోగుతుంటే అతని పక్కనే స్పీకరు మీద ఒక చెయ్యి వేసింది. రెండో చేత్తో అతని చేతి మీద తట్టసాగింది. గిటార్ల రొదలోంచి ఏరి, అచ్చం అతను వాయించిన వరసే.

అతను ఇంజనీరు వైపు గుడ్లురిమాడు.

"ముందే నేర్పించి తెచ్చావు కదూ?"

అన్నాడే గానీ, ఆ వేళ్ళ కింద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు.