గోల్కొండలో మేకల దారి

పందొమ్మిది వందల అరవైల్లో మాట. మాది బంట్వారం దగ్గర మేకలు కాసే ఇల్లు. ఎండాకాలం సెలవుల్లో మా అక్క పిల్లల్ని, పదిహేనేళ్ల బాలమణినీ దాని తమ్ముణ్నీ వికారాబాద్‌లో రైలెక్కించి గోల్కొండ కోట చూపించడానికి తీసుకెళ్లాను. టికెట్ల కిటికీ ముందు క్యూ ఎంతకీ కదలడం లేదు.

“మామా, గా మేకలు చూడు. గోడ సందులకెళ్లి లోపలికి పోతున్నయ్. దారి లేకుంటే పోతయా?” అంది బాలమణి.

మేకల వెంట పెరిగినవాళ్లం, మాకు ఇంకేం సాక్ష్యం కావాలి? కూలిన గోడలోంచి దూరి వాటి వెనకే పైకి ఎక్కాం. ముందున్న మేక ఎగిరి అవతలి బండ మీద వాలింది. బాలమణి కూడా అడుగు వేసింది. కాలి కింది మట్టి విరిగి లోయలోకి జారిపోయింది. ఆ మట్టి అడుగున పడిన చప్పుడు కూడా వినిపించలేదు. నా చేతికి బాలమణి జడ దొరికింది. బలంకొద్దీ వెనక్కి గుంజాను. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. మేకలు అవతల నిలబడి నెమరేస్తూ మమ్మల్నే చూస్తున్నాయి.

ముగ్గురం దిగొచ్చి క్యూ చివర నిలబడ్డాం. చాలాసేపటికి బాలమణి మెల్లగా అంది: “మామా, ఇగ నా జడ ఇడువు.”

అప్పుడు చూసుకున్నాను, అది ఇంకా నా పిడికిట్లోనే ఉంది. ఇన్నేళ్లయినా, క్యూ తప్పించుకుందామని ఎవరైనా అంటే చాలు, ఈ ముసలి పిడికిలి దానంతటదే బిగుసుకుంటుంది.