అమ్మడం లేదు, పెడుతున్నా

ఆ ఆఫీసు భవనంలో పనిచేసేవాళ్లంతా ఆమెను లిఫ్టక్క అనేవారు. అది పాతకాలపు లిఫ్టు. ఇనప జాలీ తలుపు చేత్తో లాగి మూస్తేనే కదులుతుంది, అందుకని లోపల ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. మొదట్లో ఆమె అక్కడ మెట్లు తుడిచేది. లిఫ్టు నడిపే ముసలాయన పని మానేసినప్పుడు ఆ పని తనకిమ్మని అడిగింది. ఆడమనిషికెందుకన్నారు. "మీట నొక్కడానికి మీసాలు కావాలా సార్?" అని అడిగి, వెళ్లి ఆ స్టూలు మీద కూర్చుంది. మళ్లీ లేపినవాడు లేడు.

భర్త గోడలకు రంగులేసే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. "మా ఇద్దరి నోరూ నాకే ఇచ్చేశాడు దేవుడు" అని ఆమే నవ్వేది. కూతురి కూతురు వీళ్ల దగ్గరే పెరిగింది. వీధి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో గోలు దగ్గర నిలబడి బంతి ఆపేది ఆ పిల్లే.

ఆ ఏడాది వేరే ఊళ్లో పోటీలు పడ్డాయి. జట్లు నడిపే క్లబ్బువాళ్లు మగపిల్లలకు బస్సు మాట్లాడారు. ఆడపిల్లలకు మాత్రం మీ ఖర్చు మీరే చూసుకోండన్నారు. పిల్లలు ఏడవలేదు. వీధి చివరి బేకరీ అతను పొయ్యి వాడుకోమంటే అల్లం బిస్కెట్లు చేసి, డబ్బాల్లో పెట్టి, లిఫ్టక్క పనిచేసే భవనం గేటు బయట బల్ల వేశారు.

మొదటిరోజు సాయంత్రం మనవరాలు మూతి ముడుచుకుని ఇంటికొచ్చింది.

"ఒక్కళ్లూ కొనట్లేదు అమ్మమ్మా. చూసి వెళ్లిపోతున్నారు."

లిఫ్టక్క డబ్బా మూత తీసింది. ఒక బిస్కెట్ చెవిలా వంకరగా ఉంది, ఇంకోదాని అంచు మాడింది. నోట్లో వేసుకుంది. అల్లం ఘాటు ముక్కుదాకా పోయింది.

"చూస్తే నేనూ కొననే. నోట్లో పడితేగానీ దీని సంగతి తెలీదు. ఊరికే పెట్టండి."

"ఊరికే పెడితే తినేసి పోతారు!"

"పోతే పోనీ. తిన్నవాళ్లందరి నాలుకా ఊరుకుంటుందా?"

మర్నాడు పొద్దున్నే బిస్కెట్లు ముక్కలు చేసి, స్టీలు పళ్లెంలో పోసి, గుడ్డ కప్పి లిఫ్టులోకి తెచ్చింది. లిఫ్టులో మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోరు కదా, పైకీ కిందకీ చూస్తుంటారు. అలాంటివాళ్ల ముక్కు కిందకి పళ్లెం వచ్చేసరికి వద్దనలేకపోయారు. "తీసుకోండి సార్, డబ్బులొద్దు. నచ్చితే గేటు బయట మా పిల్లలున్నారు." లిఫ్టు నత్తనడక కూడా కలిసొచ్చింది. పై అంతస్తు చేరేలోపు నమలడం అయిపోయేది. లెక్కలు రాసే ఒకాయన ఏ పనీ లేకుండా పైకీ కిందకీ తిరిగి, చివరికి సిగ్గుపడి వెళ్లి రెండు డబ్బాలు కొనుక్కున్నాడు. మధ్యాహ్నానికి బల్ల చుట్టూ జనం.

కబురు భవనం మేనేజరుకు చేరింది. లిఫ్టు నిండా మనుషులుండగా వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, లోపల అమ్మకాలు కుదరవని బోర్డుంది, చదవలేదా?"

"చదివాను సార్. నేను అమ్మడం లేదు, పెడుతున్నా."

"రెండూ ఒకటే."

"మీరొకటి తినండి. డబ్బులడిగితే అప్పుడు తిట్టండి."

అందరూ గొల్లుమన్నారు. మేనేజరు మొహం కందగడ్డ అయింది. మర్నాటికి స్టూలు తీయించేశాడు. ఆమె ఒక చేత్తో పళ్లెం, ఒక చేత్తో తలుపు పట్టుకుని రోజంతా నిలబడింది. మోకాళ్లు సలుపుతున్నా గోడకు ఆనుకోలేదు, అతను అద్దాల గదిలోంచి చూస్తున్నాడని తెలుసు. ఆ పై రోజు ఆమెను వెనకవైపు సరుకుల లిఫ్టుకు మార్చాడు.

అక్కడ ఫ్యాను లేదు, దీపం మినుకుమినుకుమంటుంది. చెక్కపెట్టె బోర్లించుకుని కూర్చుంది. ఆ రోజు పళ్లెం మీది గుడ్డ తీయలేదు. ఆ రాత్రి భర్త మెల్లగా అన్నాడు, "పోనీ, తప్పయిందని ఒక్క మాట అనరాదూ?"

"ఏం తప్పు చేశానని? పిల్లల కడుపు కొట్టానా, వాడి కడుపు కొట్టానా?"

పొద్దున మళ్లీ పళ్లెం పట్టుకెళ్లింది. మూటలు మోసేవాళ్లు మొదట అనుమానంగా చూశారు. ఊరికే పెట్టేవాళ్లు వాళ్లకు అలవాటు లేదు. ఒకతను చేతులు ప్యాంటుకు తుడుచుకుని, "ఇంకో ముక్క తీసుకోవచ్చా అక్కా?" అన్నాడు. "తీసుకో నాయనా, అడుగుతావేంటి!" పని దిగాక వాళ్లంతా గుంపుగా గేటు బయటికెళ్లి, ఇంటికొక డబ్బా చొప్పున కొనుక్కుపోయారు. ముందువైపు ఆఫీసుల్లోని ఆడవాళ్లు కూడా వెనక మెట్లు దిగొచ్చి, "మా ముక్క ఏదక్కా?" అని అడగడం మొదలుపెట్టారు. మేనేజరు ఎంతమందిని ఆపుతాడు?

వారం తిరిగేసరికి బల్ల ఖాళీ అయింది. పిల్లలు వెళ్లడానికి వ్యాను కుదిరింది, తిరిగి రావడానికి మాత్రం రైల్లో జనరల్ పెట్టే దిక్కయింది. రెండో ఆటలోనే ఓడిపోయారు. మనవరాలు మోచెయ్యి చెక్కుకుపోయి వచ్చింది. మూడు గోల్స్ వదిలేశానని తలొంచుకుంటే, "మిగతావి ఎన్ని ఆపావో అది చెప్పు ముందు" అంది లిఫ్టక్క.

మేనేజరు ఆమెను మళ్లీ ముందు లిఫ్టుకు పిలవలేదు. ఆమె అడగనూ లేదు. పై ఏడాది పోటీలకు సెలవు పెట్టి తనూ వెళ్లింది. గోలు వెనకాల నిలబడి ఆమె పెట్టిన కేకలకు ఆట నడిపించే అతను విసుక్కుని, "కూర్చోమ్మా, కూర్చో" అన్నాడు.

"నువ్వు పరిగెత్తు నాయనా. నేను నిలబడితే నీకేంటి?" అంది.