ఎర్ర సైకిలు ఆకుపచ్చ అయిన వైనం

సైకిలు రిపేరు పెదనాన్నకి ఒకటే జబ్బు: ఏ సైకిలు కథా సరిగ్గా చెప్పడు. ఆయన కథలో నల్లగా బయల్దేరిన సైకిలు వీధి మలుపు తిరిగేసరికి నీలంగా మారుతుంది. తొక్కేవాడు మీసాలతో వెళ్ళి గడ్డంతో తిరిగొస్తాడు. చేతిపనిలో మాత్రం తప్పు రాదు. కళ్ళు మూసుకుని, తిరిగే చక్రం చప్పుడు విని, ఏ స్పోకు వదులైందో చెప్పేస్తాడు.

ఒకప్పుడు ఆయన షాపున్న వీధిలో మనుషులకంటే సైకిళ్ళే ఎక్కువ. పొద్దున మిల్లు కూత వేయగానే మొదలయ్యే బెల్లుల మోత భరించలేక పావురాలు పక్క ఊరికి కాపురం మార్చాయంటారు. ఇప్పుడు మిగిలినవి ఏడు సైకిళ్ళూ, బోలెడు కథలూను. అవీ పోకూడదని ఆదివారం సాయంత్రాలు వీధి వీధంతా పెదనాన్న షాపు ముందు చేరుతుంది. తలకిందులుగా నిలబెట్టిన సైకిలు చక్రాన్ని ఆయన ఒక్క తోపు తోస్తాడు. అది ఆగేలోపు కథ అయిపోవాలి. స్పోకుల మధ్య నుంచి జారిన నీరెండ గోడల మీద తిరుగుతుంటే, వీధే మెల్లగా కదిలి ఎటో వెళ్తున్నట్టుంటుంది.

ఆ కథలు రాసిపెట్టే పని ఆయన తమ్ముడి కూతురిది. లైబ్రరీ ఉద్యోగం. అరలో పుస్తకం అంగుళం పక్కకి జరిగితే ఆ పిల్లకి అన్నం సహించదు. అలాంటిది, పెదనాన్న పుణ్యమా అని నోటుబుక్కు నిండా కొట్టివేతలే.

"పోస్టుమాన్ మామయ్య సైకిలు ఓ వారం పసుపంటావు, ఓ వారం ఆకుపచ్చంటావు. అసలు ఏ రంగు పెదనాన్నా?"

"మంచి రంగేనమ్మా," అన్నాడాయన తాపీగా.

నెలాఖరుకి ఆ కథల పుస్తకం అచ్చుకెళ్ళాలి. అందుకని ఈ ఆదివారం కథలు తనే చదువుతానని, ఆయన నోరు మెదపకూడదని తేల్చేసింది. పెదనాన్న బుద్ధిగా తలూపాడు.

ఎర్ర సైకిలు మీద, వరద నీళ్ళలో, ఉత్తరాల సంచి నెత్తిన పెట్టుకుని పోస్టుమాన్ వెళ్ళిన కథ పొల్లు పోకుండా చదివింది. ముందు వరుసలోనే కూర్చున్న పోస్టుమాన్ మామయ్య ఎవరో పరాయివాళ్ళ కథ విన్నట్టు విని ఊరుకున్నాడు. రెండేళ్ళుగా ఆయనకి మతి నిలవడం లేదు. కన్నకూతురి పేరే తడుముకుంటాడు. చక్రం ఆగిపోయింది.

"ఈయన ఇక్కడ నోరు విప్పితే ఇంట్లో రెండు రోజులు మాట్లాడతారమ్మా," అంది మామయ్య భార్య నెమ్మదిగా. "ఈ వారం ఇంక అంతే కాబోలు."

పిల్ల గబగబా పేజీలు వెనక్కి తిప్పింది. మామయ్య కథలో పెదనాన్న చెప్పిన తప్పులన్నీ కొట్టేసి ఉన్నాయి. పక్కన సరైన మాటలు. అవన్నీ, వారం వారం, కసురుకుంటూ చెప్పి రాయించింది మామయ్యే.

పెదనాన్న కేసి చూసింది. ఆయన మెరిసిపోతున్న చైనునే మళ్ళీ తుడుస్తున్నాడు.

లేచి వెళ్ళి చక్రాన్ని తనే తోసింది. జన్మలో మొదటిసారి తెలిసి తెలిసి తప్పు చెప్పింది.

"పొరపాటుగా చదివాను. ఆ సైకిలు ఆకుపచ్చది. ఉత్తరాలన్నీ వరదలో తడిసిపోయాయి."

మామయ్య తల విసురుగా లేచింది.

"ఎర్రది. ఒక్క ఉత్తరం తడవలేదు. మోకాటిలోతు నీళ్ళలో పద్దెనిమిది గడపలు తిరిగాను, నన్నడుగు."

చక్రం ఆగింది. ఆయన ఆగలేదు. పద్దెనిమిది గడపలూ ఎక్కి దిగాక, పెదనాన్నని చూపిస్తూ భార్య వైపు వంగి జాలిగా అన్నాడు:

"బావకెలాగూ మతిమరుపు. పాపం, ఈ పిల్లకీ అంటుకుంది."