తలపిన్ను పెట్టిన చివరి పేజీలు

ఎన్ని డిటెక్టివ్ నవలల్లో మీరు హంతకుణ్ణి తప్పుగా ఊహించారు? సిగ్గుపడకుండా ఒప్పుకున్న మనిషిని నేనొక్కరినే చూశాను. ఆమె మా పిన్ని.

డెబ్బైల చివర విశాఖ పోర్టు క్వార్టర్స్‌లో ఉండేది. అద్దె పుస్తకాల షాపు నుంచి నెత్తురు కనిపించని హత్యల నవలలే తెచ్చుకునేది. తేగానే చివరి పేజీలకు తలపిన్ను పెట్టేసేది. తన అనుమానం ఎవరి మీదో పైకి చెప్పాకే పిన్ను తీసేది. ఎక్కువసార్లు తప్పేది. తప్పినప్పుడల్లా "బలే మోసపోనానే!" అని చప్పట్లు కొట్టేది. ఓడిపోతే అంత సంబరం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకసారి పక్కింటావిడ ఉంగరం పోయింది. దొంగను పట్టిస్తాడని అంజనం వేసేవాణ్ణి పిలిపించింది. వాడు తమలపాకు మీది కాటుకలోకి చూసి, వాళ్ళింటి పనిపిల్ల మొహం కనిపిస్తోందన్నాడు. ఆ పిల్ల గొల్లుమంది. ఇక ఆమెను ఆ వీధిలో ఎవరూ గడప ఎక్కనివ్వరు.

"దొంగ మొహం అగుపించింది గానీ ఉంగరం అగుపించనేదేటి బాబూ?" అంది పిన్ని.

"నవల్లు సదివీసి మాటాడతన్నావ్ వొదినా," అంది పక్కింటావిడ.

"అవునమ్మా, సదివే తెల్సుకున్నాను. నాను అనుమానించినోళ్ళల్లో చానామంది ఏ పాపం ఎరగనోళ్ళే. పుస్తకంలో అయితే పిన్ను తీస్తే నా తప్పు తెలిసిపోద్ది. ఈ పిల్లకి ఆ ఆఖరి పేజీలు ఎవులు రాస్తారు?"

పిన్ని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన ఇంట్లోనే పనికి పెట్టుకుంది. ఉంగరం ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు.

మీ వీధిలో ఎవరినైనా దొంగ అంటే రుజువేదని అడగండి. అది చూపేదాకా ఆ మనిషిని మీ గడప ఎక్కనివ్వండి.