లంటానా పొదలోపలి మొద్దులు

ఈ రోజు కంచె దాటి పెరట్లోకి వచ్చిన లంటానా కొమ్మను విరిచాను. ఆ ఘాటు వాసన వేళ్లకు అంటుకుని, సబ్బుతో కడిగినా పోలేదు. భారతమ్మ మేడం గుర్తొచ్చింది. ఆమె గురించి ఇంతకాలం రాయలేదు. మొదట నాకు అక్షరాలు రావు. యాభై దాటాక సాయంత్రం బడిలో నేర్చుకున్నాను. ఆ తర్వాత కూడా రాయలేదు. ఆమె గురించి రాస్తే నేను చేసిన పనీ రాయాలి.

మేడం మదనపల్లె కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పి రిటైరయింది. కుప్పం పక్కన మా ఊరి కొండ అడవిని నరికీ, తగలబెట్టీ, మేపీ చాలావరకు పాడుచేశాం. అందులో ఏ చెట్లు, ఏ జంతువులు మిగిలాయో రాసుకోవడానికి ఒక వేసవిలో వచ్చింది. మేకలు కాసేదాన్ని కాబట్టి నన్ను తోడు పిలిచింది. నాలుగు కొయ్యలు పాతి చుట్టూ తాడు కట్టేవాళ్లం. ఆ గడిలో ఉన్నవన్నీ రాయాలి. ఆమె మోకాళ్లు వంగేవి కావు. బయట బండ మీద కూర్చునేది. నేను లంటానా పొదల కిందుగా పాకుతూ పోయి లోపలినుంచి కేకేసేదాన్ని.

“చిరుమాను రెండు మేడం!”

“చిరుమాను రెండు,” అని తానూ పైకి అని, అప్పుడు రాసేది.

“ఈడ కుందేలు పెంటికలు ఉండాయి.”

“పాతవా, కొత్తవా?”

“నలిపి సూడమంటారా ఏంది?”

“నలుపమ్మా. మేకల దగ్గర ఎన్ని నలిపుంటావు!”

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నాకు తెలియదంటే ‘తెలియదు’ అనే రాసేది, ఊహించి రాసేది కాదు. అంతకుముందు నా మాటను ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఇల్లు చేరాక కూడా ఆ సంగతే తలుచుకునేదాన్ని.

ఒక సాయంత్రం మా తోడికోడలు మునెమ్మ నీళ్ల కుళాయి దగ్గర ఆపింది. “రేపు తూరుపు వాలులో తాడు కడతారంట గదా. ఆడ మొద్దులు కనపడితే, ఆమె రాసింది సూసి ఫారెస్టోళ్లు మేకలకు కొండ మూసేస్తారు. నీ మేకల్ని యాడికి తోలతావు? ఆ మేడం ఇంటికా?”

తూరుపు వాలులో మొద్దులు నావే. మేత ఎండిపోయిన రెండు వేసవుల్లో, కొమ్మలతో సరిపెట్టకుండా చిరుమాను చెట్లను మొదలంటా కొట్టాను. పొద్దు గూకకముందే వెళ్లి, ఎండుటాకులు దోసిళ్లతో ఎత్తి ఒక్కో మొద్దు మీదా కప్పాను.

మర్నాడు బండ మీంచి మేడం అడిగింది. “మొద్దులెన్ని రెడ్డెమ్మా?”

“లేవు మేడం.”

“మొద్దులు లేవు,” అంది. రాసింది.

నేను బయటికి పాకి వచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది. “ఇన్ని రోజులకు గొడ్డలి పడని తావు ఒకటి దొరికిందే! రేపు మళ్లీ వద్దాం. ఇక్కడి మట్టి, పురుగు, పిట్ట, అన్నీ చూడాలి.” తన డబ్బాలోని చిత్రాన్నంలో సగం నా చేతిలో పెట్టింది. ఆమె కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ సంతోషాన్ని తట్టుకోలేకపోయాను. ఆ మోకాళ్లతో పొదలోకి పాకడం ఆమెవల్ల కాదు. నా నోరే ఆమెకు కన్ను.

తర్వాత ఆ వాలును కొన్నేళ్లు మేకలకు మూసేశారు. సగం మందను పుంగనూరు సంతలో అమ్ముకున్నాను. మునెమ్మ చాలాకాలం నాతో మాట్లాడలేదు. మేడం కూడా ఇప్పుడు లేదు. కానీ ఏదైనా రాయబోయే ముందు నేనూ ఒకసారి పైకి అంటాను. నా చెవికే అది తేడాగా వినిపిస్తే కలం పక్కన పెట్టేస్తాను. ఈ నాలుగు ముక్కలూ అలా పైకి అంటూ రాసినవే.

మొద్దులు లేవని చెప్పిన మర్నాడు ఉదయం మేడం రాకముందే కొడవలి తీసుకుని కొండెక్కాను. బండ దగ్గర మొదలుపెట్టి, ఆమె వంగకుండా నడిచేంత ఎత్తున, వెడల్పున లంటానాను నరుక్కుంటూ పోయాను. చేతులు గీరుకుపోయాయి. మొద్దుల మీది ఆకులన్నీ ఊడ్చేశాను. ఆమె వచ్చి దారి చూసి, “ఇదేమిటి రెడ్డెమ్మా?” అంది. చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాను. మొదటి మొద్దు దగ్గర ఆగాను.

“మీరే లెక్కబెట్టుకోండి మేడం,” అన్నాను. “అన్నీ నేను కొట్టినేటివే.”